"దెసూ" అంటే పైనా, కిందా?

మన లిపికి అందని ధ్వని లేదనీ, తెలుగు వ్రాయగలవాడు ఏ భాషనైనా యథాతథంగా పలకగలడనీ మనవారు తరచు చెప్పుకుంటూంటారు. ఫ్రెంచి నేర్వబూనినవారి చేతికి ఈ గర్వమే తెలుగు లిపిలోని పాఠాలుగా చేరుతున్నది. నేను చేరిన శిక్షణాలయంలోనూ తొలిరోజు ఇచ్చిన కాగితం ఆ తరహాదే. అటువంటి పాఠాలను తగులబెట్టమనను గాని, అటకెక్కించమని మాత్రం గట్టిగానే అంటాను.

ఫ్రెంచిలో "పైన" అనే మాట ఒకటి, "కింద" అనే మాట మరొకటి. తెలుగులో రెంటినీ "దెసూ" అనే వ్రాయగలం. వీధీ "రూ", చక్రమూ "రూ". వీటిలో "పైన"కూ "వీధి"కీ చివరనున్న అచ్చు మనకు లేదు. నాలుకను "ఈ" పలికేచోట నిలిపి, కదలనీయక, పెదవులను మాత్రం "ఊ"కు వలె గుండ్రంగా చాపితే అది పుడుతుంది. అద్దం ముందు కూర్చుని సాధించవలసిన విద్య ఇది. ఏ అక్షరమూ నేర్పదు.

అనునాసికాల సంగతి మరీ విచిత్రం. "మంచి" అనే అర్థంలో "బోం" అని వ్రాసుకున్నవాడు చివర పెదవులు మూస్తాడు. ఫ్రెంచివాడు మూయడు, గాలి నోటా ముక్కునా పోతూండగానే అచ్చు ముగుస్తుంది. ఇందుకు మనకూ ఒక గుర్తున్నది, అరసున్న. గుర్తు మిగిలింది, పలుకుబడి పోయింది! లిపి నాలుకకు కాపలా కాయలేదనడానికి వేరే రుజువెందుకు?

ఇక ఉన్న సొత్తును పారేసుకునే వైనం. ఫ్రెంచి త, దలు దంత్యాలు. ప, త, కల వెంట ఇంగ్లీషులో వచ్చే ఊపిరి విసురు అక్కడ ఉండదు. దాదాపు మన అక్షరాలే. అయినా ఇంగ్లీషు బడి అలవాటు చొప్పున "తూర్"ను "టూర్" అంటాం. ఇంటి తకారాన్ని వదిలి అద్దె టకారం తెచ్చుకోవడం నాకు సహించరానిది.

మాట చివర నిద్రించి, అచ్చు ఎదురుకాగానే మేల్కొనే హల్లును చూసి బెదిరేవారున్నారు. ద్రుతం తెలిసినవాడికి బెదురెందుకు? "స్నేహితులు" అనే మాట ముందు "లే" చేరితే "లెజామీ" అవుతుంది (ఆ జకారం మనది కాదు; సకారానికి నాదం చేర్చాలి). "వీరులు" అనే మాటకు మాత్రం ఈ సంధి నిషిద్ధం. చేశారో, వీరులు కాస్తా సున్నలవుతారు.

"యాస ఉంటే ఏం?" అని ఎదురడిగే మిత్రులున్నారు. ఉండనీయండి, నాకు అభ్యంతరం లేదు. పైనను కింద చేయడం యాస కాదు గదా! తెలుగు అక్షరాలను కొంతకాలం పక్కనపెట్టి, వాక్యం వినండి, వెంటనే పలకండి. మాటను గాక పదబంధాన్ని పట్టండి. ఊనిక దాని చివరి అక్షరం మీద పడుతుంది. మీ గొంతును రికార్డు చేసి మూలంతో పోల్చి వినండి. హల్లు చివర ఉకారం తగిలించే మన అలవాటు అక్కడే దొరికిపోతుంది: "అవెక్" కాస్తా "అవెక్కు" అయి కూర్చుంటుంది.