కాయితంలో లేని బీము

అనకాపల్లి జిల్లా కె.కోటపాడులో మాకు తెలిసినవారు ఇల్లు కట్టారు. 30 అడుగుల వెడల్పు, 45 అడుగుల పొడవు... వెరసి 150 గజాల స్థలం. కింది అంతస్తు శ్లాబు పోశాక, పై బాత్‌రూమ్ గొట్టం దించాల్సిన రోజు వచ్చింది. ప్లంబరు తన చేతిలోని డ్రాయింగు చూసి, కొలిచి, గుర్తు పెట్టి శ్లాబు మీద ఉలి దించాడు. నాలుగు దెబ్బలకే ఇనుము బయటపడింది. సరిగ్గా దాని కిందే బీము!

మేస్త్రి పరుగెత్తుకొచ్చి ఆపాడు కాబట్టి సరిపోయింది. ఇంటి పెద్దాయన మాత్రం ప్లాను గీసిన కుర్రాణ్ని పిలిపించి ఒకటే అడిగారు. "కాయితంలో లేని బీము కప్పులోకి ఎలాగొచ్చీసింది నాయనా?"

కుర్రాడు బీము గీయలేదా అంటే, గీశాడు. కరెంటు పని షీటులో అడ్డంగా ఉందని దాచాడు. ఆ షీటులో దాస్తే ప్లంబరు షీటులోనూ దాగిపోయింది! బీముల షీటు అంతకుముందే ప్రింటు తీసి ఇచ్చేయడంతో ఎవరికీ అనుమానం రాలేదు.

అసలు తిరకాసు ఎక్కడుంది?

పూర్వం ట్రేసింగ్ షీట్ల మీద ఇంకుతో గీసి, అమ్మోనియా ప్రింట్లు తీసేవారు. గోడల బొమ్మ మీద ఇంకో ట్రేసింగ్ షీటు పరిచి వైర్లో, గొట్టాలో గీసుకునేవారు. 1982లో వచ్చిన ఆటోకాడ్‌లో ఆ పల్చటి షీట్ల పని చేసేవే లేయర్లు. గోడలకొకటి, బీములకొకటి, వైర్లకొకటి. 1990లో వచ్చిన 11వ విడుదలతో 'పేపర్ స్పేస్' తోడైంది. అంటే, ఇంటిని ఒక్కసారే గీస్తాం. ప్రింటు తీసే షీటు మీద వ్యూపోర్టులనే కిటికీలు తెరుస్తాం. ప్రతి కిటికీలోంచీ కనిపించేది ఆ ఒక్క ఇల్లే. గోడ జరిపితే అన్ని షీట్లలోనూ జరుగుతుంది. సుఖం అదే, చిక్కూ అదే!

లేయర్ల పట్టికలో బల్బు బొమ్మ నొక్కి 'ఆఫ్' చేసినా, సూర్యుడి బొమ్మ నొక్కి 'ఫ్రీజ్' చేసినా ఆ లేయర్ అన్ని కిటికీల్లోనూ మాయమవుతుంది. మన కుర్రాడు చేసింది అదే. ఒక కిటికీకి పరదా వేస్తే సరిపోయేదానికి, ఇంట్లోంచి బీమునే ఎత్తేశాడు.

పరదా వేసే పద్ధతి వేరే ఉంది. ముందు లేఅవుట్‌లోకి వెళ్లాలి. కావలసిన వ్యూపోర్టు లోపల రెండుసార్లు క్లిక్ చేస్తే దాని అంచు మందమవుతుంది. అప్పుడు పట్టికలో 'వీపీ ఫ్రీజ్' గడి నొక్కాలి. ఆ ఒక్క కిటికీలోనే లేయర్ దాగుతుంది. మిగతావాటి జోలికి పోదు.

'ఆఫ్'తో ఇంకో గండం కూడా ఉంది. ఆఫ్ చేసిన లేయర్ కంటికి కనిపించదు గానీ, 'ఎరేజ్' ఇచ్చి 'ఆల్' అన్నామా, దాని మీదున్నవీ తుడిచిపెట్టుకుపోతాయి. ఫ్రీజ్ చేసినవైతే బతికి బయటపడతాయి.

అన్నిటికన్నా మంచి ఉపాయం... దాచకపోవడం! ఆటోకాడ్ 2008 నుంచి ఒక్కో వ్యూపోర్టులో లేయర్ రంగును విడిగా మార్చుకోవచ్చు. ప్లంబరు షీటులో బీముల్ని లేత బూడిదరంగులో ఉంచితే గొట్టాలు స్పష్టంగా కనిపిస్తాయి, కింద ఏముందో కూడా తెలుస్తుంది. పనివాడు గీత చూసి కొట్టనక్కర్లేదు నిజమే. కానీ ఎక్కడ కొట్టకూడదో అతనికి తెలియాలి కదా!

ఇల్లు కట్టుకునేవారికి ఈ కంప్యూటర్ గొడవంతా అక్కర్లేదు. పని మొదలుకాకముందే షీట్లన్నీ మంచం మీద పరిచి, పిల్లరూ బీమూ అన్నిట్లో ఒకేచోట ఉన్నాయో లేదో చూసుకుంటే చాలు. ఏదైనా షీటులో లేకపోతే, ఎందుకు లేదో గీసినవారిని అడగండి. ఇందులో మొహమాటం వద్దు.

కె.కోటపాడు ఇంట్లో చివరికి కమోడు అడుగున్నర పక్కకు జరిగింది. బాత్‌రూమ్ తలుపు సగమే తెరుచుకుంటుంది. ఇంటికొచ్చిన చుట్టాలు ఇదేమిటని అడిగితే పెద్దాయన ఇప్పుడు గుక్కతిప్పుకోకుండా లేయర్ల పాఠం చెబుతున్నారు!