సౌర ఫలకం బేరంలో ‘హమాలీ’ పొరదే అసలు లెక్క

మిర్యాలగూడ, కోదాడ రైస్ మిల్లుల ఖర్చుల పట్టీలో బరువైన పద్దులలో కరెంటు బిల్లు ఒకటి. పొట్టు బాయిలర్లకు ఆదుకుంటున్నది గాని మోటార్లను తిప్పేది కరెంటే. అందుచేత మిల్లు కప్పులపై సౌర ఫలకాల మాట వచ్చినపుడు, పెరోవ్‌స్కైట్ అనే కొత్త రకం చౌకగా రానున్నది గనుక అంతవరకు ఆగడం మేలేమో అన్న ఆలోచన కలగడం సహజం. అయితే ఈ ఆశను కూడా సరుకు మాదిరిగా తూచి చూడవలసి వున్నది.

కొత్త రకం పురోగతి కాదనలేనిది. 2009లో జపాన్‌లో తొలిసారి చూపినపుడు దాని సామర్థ్యం 3.8 శాతం. నేడు ప్రయోగశాలల్లో 26 శాతం దాటింది. సిలికాన్‌పై ఈ పొర వేసిన ఫలకాలను ఆక్స్‌ఫర్డ్ పీవీ కంపెనీ 2024 సెప్టెంబరులో అమెరికాకు వాణిజ్య సరుకుగా పంపింది. ముడి సరుకులైన సీసం, అయోడిన్ లవణాలు అరుదైనవేమీ కావు. చిక్కు వచ్చేది పక్కనున్న పొరతోనే.

వెలుతురు పడగానే ఎలక్ట్రాన్ లేచిపోతుంది, అది విడిచిన ఖాళీని హోల్ అంటారు. రెండూ చెరొక వైపు పోతేనే కరెంటు. సూర్యాపేట యార్డులో సీజనులో ధాన్యం బండ్లు వచ్చే దారినే లోడు లారీలు కూడా పోతే ఏమవుతుందో వర్తకులకు చెప్పనక్కర లేదు. హోల్‌ను ఒకే వైపుకు మోసి, ఎలక్ట్రాన్‌ను అటు రానీయకుండా ఆపే హమాలీ ఈ సేంద్రియ పొర. 2012లో ద్రవానికి బదులు స్పైరో-ఓమీటాడ్ అనే ఘనపదార్థాన్ని వాడిన తర్వాతే, నిమిషాలలో చెడిపోయే ఫలకం 500 గంటలు నిలిచింది. సామర్థ్యం 9.7 శాతానికి చేరింది.

ఈ హమాలీ కూలి మాత్రం తక్కువ కాదు. 2010 దశకంలో ప్రయోగశాలలకు అమ్మిన స్పైరో గ్రాము ధర బంగారాన్ని మించి పలికింది. పొర మందం 200 నానోమీటర్లు అనుకుంటే చదరపు మీటరుకు సుమారు పావు గ్రాము పడుతుంది. 100 కిలోవాట్ల మిల్లుకు ఇంచుమించు 500 చదరపు మీటర్ల ఫలకాలు కావాలి. అంటే 125 గ్రాములు, తరుగు అదనం. బంగారం ధరకు 125 గ్రాములంటే ఎంతో మిల్లు గుమాస్తా క్షణంలో చెప్పగలడు.

ధరను మించిన చిక్కు తేమ. స్పైరో సరిగా పనిచేయడానికి కలిపే లిథియం లవణం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ధాన్యంలో తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రం వెనక్కు పంపుతుంది. మరి ఉప్పుడు బియ్యం ఆవిరి, పొట్టు ధూళి, నల్లగొండ వేసవి కలిసిన కప్పు మీద ఈ పొర ఎన్నాళ్లు నిలుస్తుందో అడగకుండా అప్పు తెచ్చి కొనడం వివేకం కాదు.

మార్గాలు లేకపోలేదు. బెర్లిన్, కౌనస్ శాస్త్రజ్ఞులు రూపొందించిన కార్బజోల్ అణువులు ఒక్క వరుసగా పేరుకుని పనిచేస్తాయి. చదరపు మీటరుకు కొద్ది మిల్లీగ్రాములు చాలు, లిథియం లవణంతో పని లేదు. హైదరాబాద్ ఐఐసీటీలోనూ ఇటువంటి పదార్థాలపై పరిశోధన సాగింది. ఇటువంటి పదార్థాలలో కొన్నింటి తయారీకి వాడే పల్లాడియం ఉత్ప్రేరకపు చర్యలు ఔషధ పరిశ్రమకు కొత్త కావు. విజయవాడ రహదారిపై చౌటుప్పల్ వైపు మందుల ముడిసరుకు ఫ్యాక్టరీలున్నాయి. ఈ సరుకు అక్కడే తయారైతే దిగుమతి బెడద తప్పుతుంది.

కనుక బిల్లు భారం మోయలేని మిల్లులు కొత్త రకం కోసం ఆగనక్కర లేదు. 25 ఏళ్ల హామీతో దొరికే సిలికాన్ ఫలకాలతో లెక్క చూసుకోవచ్చు. పెరోవ్‌స్కైట్ అమ్మవచ్చిన వారిని మాత్రం మూడు విషయాలు అడగాలి: మోత పొర ఏ పదార్థం, 85 డిగ్రీల వేడి, 85 శాతం తేమలో 1000 గంటల పరీక్ష నెగ్గిందా, హామీ ఎన్నేళ్లు. ఫలకంలో సీసం వున్నది గనుక, పగిలితే వెనక్కు తీసుకునేదెవరో కూడా కాగితంపై వుండాలి. ప్రభుత్వం, పరిశోధనా సంస్థలు మిర్యాలగూడలో ఒక మిల్లు కప్పునే పరీక్షా స్థలంగా ఎంచుకుంటే మరీ మంచిది. నమూనా చూడకుండా ధాన్యం కొనని వర్తకుడు ఫలకాన్ని మాత్రం మాట మీద ఎందుకు కొనాలి?