కలుపుమందు పాలవుతున్న కూర

విత్తకుండా మొలిచిందల్లా కలుపేనన్న అభిప్రాయం మన వ్యవసాయంలో పాతుకుపోయింది. పట్నంలో దీనికి మరోమాట తోడైంది: ఆకుకూరంటే పాలకూర ఉంది, రక్తం తక్కువైతే ఐరన్ మాత్ర ఉంది, గట్ల మీది పిచ్చిమొక్కల్లో ఏముంటుందని. ఏముందో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన పట్టికలే చెబుతున్నాయి. వంద గ్రాముల పాలకూరలో కాల్షియం 82 మిల్లీగ్రాములు. తోటకూరలో 330. పొన్నగంటిలో, పెరటి మునగాకులో 300కు పైనే. అవిసాకులో ఏకంగా 900. ఎ విటమిన్‌గా మారే బీటా కెరోటిన్ మునగాకులో పాలకూర కంటే ఎన్నో రెట్లు. తెలంగాణలో గంగవాయిలి అనీ కోస్తాలో పాయలకూర అనీ పిలిచే, చేలో తనంతట తానే పాకే కూరలో ఒమేగా-3 కొవ్వు ఆమ్లం ఉంది. ఆకుకూరల్లో అది అంతగా ఉండటం అరుదు.

ఆకుల్లోని ఇనుము ఒంటికి సరిగా పట్టదని, ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టి ఉంచుతాయని వైద్యులు చేసే ఆక్షేపణ నిజమే. అయితే ఆ లోపం పాలకూరకూ ఎక్కువే. పైగా దానికి విరుగుడు వంటింట్లోనే ఉంది. ఆకును ఉడికించి నీళ్లు వారిస్తే ఆక్సలేట్లు కొంత పోతాయి, తినేముందు నిమ్మరసం పిండితే ఇనుము మెరుగ్గా పడుతుంది, తాలింపు నూనె బీటా కెరోటిన్ ఒంటికి పట్టేలా చేస్తుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటు మాత్రం ఇనుముకు అడ్డు. కిడ్నీలో రాళ్లున్నవారు వైద్యుల మాట వినాలి. మాత్రలు మానమనడం లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా మహిళలకు రక్తహీనత ఉంది, మాత్రలు కావాల్సిందే. కానీ ఆ మాత్రలో ఉండేవి ఇనుము, ఫోలిక్ ఆమ్లమే. కాల్షియం, ఎ విటమిన్ కంచంలోకి రావాలి.

ఇక రైతు మాట: కూలీలు దొరకరు, మందు కొడితే ఖర్చు తగ్గుతుంది. ఆ భారాన్ని కాదనలేం. అయితే ఆ లెక్కలో ఒకరి నష్టం ఎన్నడూ రాలేదు. కలుపు తీసే కూలితల్లి పొద్దుగూకే వేళకు ఒడినిండా పొన్నగంటో తోటకూరో కోసుకుని ఇంటికి వెళ్లేది. మందు ఆమె కూలినీ కూరనూ ఒకేసారి తీసేసింది. మందు కొట్టిన చేలో మిగిలిన ఆకు తినడానికీ పనికిరాదు. వేరే దారి ఉంది. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు రసాయనాలు లేకుండా జొన్న, కంది, సామలు కలిపి పండిస్తూ, వాటి నడుమ మొలిచే తుమ్మికూర, దొగ్గలికూరలను పంటతో సమానంగా చూస్తున్నారు. అంత చేయలేని రైతును అడిగేది ఒక్కటే: గట్లనైనా మందు నుంచి వదిలేయండి. అంగన్‌వాడీ పప్పులో వారానికి రెండుసార్లయినా ఊళ్లో దొరికే ఆకు వేసేలా చూసే బాధ్యత ప్రభుత్వం తీసుకోవాలి.