తెలంగాణ ముఖ్యమంత్రి గారికి నల్లపాడు నుంచి బహిరంగ లేఖ

2013 ఫిబ్రవరి 21 సాయంత్రం హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లో సైకిళ్లకు పెట్టిన బాంబులు పేలాయి. ఒకటి 107 బస్టాపు దగ్గర, ఇంకొకటి ఏ1 మిర్చి సెంటర్ దగ్గర. కోచింగ్ క్లాసు వదిలాక పిల్లలు వేడి బజ్జీల కోసం ఆగే చోటది. మా గుంటూరు పల్లెల పిల్లలూ ఉద్యోగాల చదువుకని చేరేది ఆ సందుల్లోని హాస్టళ్లకే. వందమందికి పైగా గాయపడ్డారు. పోయిన ప్రాణాల సంగతి ఏమని రాయను!

ఈ కేసులో 2016లో ఎన్‌ఐఏ కోర్టు ఐదుగురికి ఉరిశిక్ష వేసింది, 2025 ఏప్రిల్‌లో హైకోర్టు ఖాయం చేసింది. మరి క్షతగాత్రుల గోడు ఎవరు వింటారు? ఒకసారి ఇచ్చిన ఎక్స్‌గ్రేషియా ఎన్నాళ్లొస్తుంది? 2007 ఆగస్టు 25 నాటి లుంబినీ పార్కు, గోకుల్ చాట్ పేలుళ్ల బాధితులనూ కలిపి, అందరికీ జీవితాంతం ఉచిత వైద్యం, పని చేయలేనివారికి నెలనెలా పింఛను అందేలా జీవో ఇవ్వండి. కాగితాల కోసం వాళ్లను ఆఫీసుల చుట్టూ తిప్పకుండా, సిబ్బందినే వాళ్ల ఇళ్లకు పంపండి.