పాఠం చెప్పిన ఏళ్ళు ఏ లెక్కలోకి పోయాయి?



మన కురుపాం, గుమ్మలక్ష్మీపురం, కొమరాడ వైపు నుంచి పీజీ, పీహెచ్‌డీ చేసినోళ్ళలో మీకు తెలిసిన ఒకరిని గుర్తు తెచ్చుకోండి. ఇప్పుడేం చేస్తున్నారు? చాలావరకు జవాబు ఒకటే: గెస్ట్ లెక్చరర్. చెప్పిన పీరియడ్లకే డబ్బు. ఎండాకాలం సెలవుల్లో అదీ లేదు. కాలేజీ తెరిచాక మళ్ళీ కొత్త ఆర్డర్ కోసం ఎదురుచూపు. అలా ఐదేళ్ళు, పదేళ్ళు గడిచిపోతాయి.

జీతం తక్కువన్న సంగతి మనం అందరం మాట్లాడుకుంటాం. అంతకంటే పెద్ద దెబ్బ ఇంకోటుంది. రేపు పర్మనెంట్ పోస్టు వచ్చినా ఆ ఏళ్ళేవీ లెక్కలోకి రావు.

రూల్ ఏమంటోందో చూడండి. యూజీసీ 2018 నిబంధనల్లో 10వ క్లాజు పాత సర్వీసు గురించే. వేరే యూనివర్సిటీలోనో కాలేజీలోనో చేసిన రెగ్యులర్ సర్వీసుని నియామకానికీ, ప్రమోషన్‌కీ లెక్కించాలి అంటుంది. ప్రైవేటా, ప్రభుత్వమా అని తేడా చూడకూడదు అంటుంది. మంచిదే. కానీ గెస్ట్ లెక్చరర్‌గా చేస్తే మాత్రం, ఎన్నాళ్ళు చేసినా చెల్లదు. కాంట్రాక్టు, తాత్కాలిక సర్వీసుకి తలుపు కొంచెం తెరిచారు గానీ మూడు షరతులు పెట్టారు. యూజీసీ చెప్పిన అర్హతలు ఉండాలి. సరైన సెలక్షన్ కమిటీ ఎంపిక చేసి ఉండాలి. రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ నెల జీతానికి తగ్గకుండా తీసుకుని ఉండాలి.

ఆ మూడో షరతు దగ్గర కాస్త ఆగండి. జీతం తక్కువ ఇచ్చింది ఎవరు? పనిలో పెట్టుకున్నవాళ్ళే. మరి తక్కువ జీతం తీసుకున్నందుకు సర్వీసు ఎవరిది పోయింది? మనది. తప్పు వాళ్ళది, శిక్ష మనకి, అదీ రెండుసార్లు.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఒక చెల్లి ఆరేళ్ళు గెస్ట్‌గా పాఠాలు చెప్పి, 34 ఏళ్ళకి అసిస్టెంట్ ప్రొఫెసర్ అయిందనుకోండి. పీహెచ్‌డీ ఉంటే 4 ఏళ్ళ సర్వీసుకి, లేకపోతే 6 ఏళ్ళకి ప్రమోషన్‌లో మొదటి మెట్టు. ఆమె ఆరేళ్ళు ఆ మెట్టు దాటడానికి సరిపోయేవే. కానీ చేరిన రోజున ఆమె సర్వీసు సున్నా. నిన్నటిదాకా క్లాసు మొహం చూడని వాడిదీ సున్నాయే.

ప్రొబేషన్ సంగతీ అంతే. యూజీసీ ప్రకారం ఒక ఏడాది, పని బాగోలేదంటే ఇంకో ఏడాది. రాష్ట్ర సర్వీసు రూల్స్‌లో అయితే, నేరుగా చేరినోళ్ళకి మూడేళ్ళ లోపల రెండేళ్ళ డ్యూటీ పూర్తవ్వాలి. ప్రొబేషన్ అంటే పరీక్షాకాలం. సవర భాష తప్ప తెలుగు సరిగ్గా రాని పిల్లలకి అర్థమయ్యేలా ఆరేళ్ళు పాఠం చెప్పిన మనిషిని ఇంకా ఏం పరీక్షిస్తారు? ఆ కాలమంతా నోరు కట్టుకుని ఉండాలి. హాస్టల్లో పిల్లలకి జ్వరాలొచ్చినా, స్కాలర్‌షిప్పు ఆగినా అడగాలంటే భయం. అడిగే లెక్చరర్ లేకపోతే నష్టం మన పిల్లలకే కదా.

ఇది కోరరాని కోరికేం కాదు. అమెరికాలో ప్రొఫెసర్ల సంఘం, కాలేజీల సంఘం కలిసి 1940లో ఒక ప్రకటన చేశాయి. ప్రొబేషన్ ఏడేళ్ళు దాటకూడదు, వేరే విద్యాసంస్థల్లో చేసిన ఫుల్‌టైం సర్వీసు కూడా అందులో కలపాలి అన్నాయి. మూడేళ్ళకి మించి పనిచేసి వచ్చినవాళ్ళకి కొత్తచోట మహా అయితే నాలుగేళ్ళు, అదీ ముందే కాగితం మీద రాసుకుని. అక్కడ కూడా పార్ట్‌టైం వాళ్ళు ఈ లెక్కకి బయటే. అయినా పాత ఏళ్ళకి విలువుందనే సూత్రం ఎనభై ఏళ్ళ నాడే ఒప్పుకున్నారు.

మన దగ్గరా గాలి మారుతోంది. గుజరాత్‌లో నెలకి 30,000 రూపాయలతో పనిచేసిన కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్ల కేసులో, వాళ్ళకి రెగ్యులర్ స్కేలులో కనీస జీతం ఇవ్వాలని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. అది జీతం వరకే. సర్వీసు లెక్క మనం అడగాల్సిన రెండో అడుగు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా ఒప్పుకోవాలి. గెస్ట్ నియామకాల్లో చాలాచోట్ల రోస్టర్ ఉండదు, తెలిసినోళ్ళని పెట్టేసుకుంటారు. గెస్ట్ సర్వీసు మొత్తాన్ని గుడ్డిగా లెక్కించమంటే, దొడ్డిదారిన చేరినోళ్ళు ముందుకెళ్ళి మన ఎస్టీ అభ్యర్థులే వెనకపడతారు. ఇప్పటికే 2020లో సుప్రీంకోర్టు జీవో నంబర్ 3 కొట్టేశాక, షెడ్యూల్డ్ ఏరియా బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న హక్కు పోయింది. అందుకే మన డిమాండు జాగ్రత్తగా ఉండాలి.

ఒకటి: ఏజెన్సీ కాలేజీల్లో గెస్ట్ అనే పేరే తీసెయ్యాలి. తాత్కాలిక పోస్టైనా నోటిఫికేషన్, రోస్టర్, సెలక్షన్ కమిటీ ఉండాలి. రెండు: అలా ఎంపికైనవాళ్ళ సర్వీసుకి జీతం షరతు పెట్టకూడదు. మూడు: ఆ సర్వీసుని ప్రొబేషన్‌లో కూడా కలపాలి. ఇప్పటికే అర్హతలతో ఏళ్ళ తరబడి చేస్తున్నవాళ్ళకి ఒక్కసారి కమిటీ వేసి చూడాలి.

ఎందుకు ఇప్పుడే అంటే, కురుపాంలో గిరిజన ఇంజనీరింగ్ కాలేజీకి 2020లో శంకుస్థాపన జరిగింది. విభజన చట్టం హామీతో 2019లో విజయనగరం జిల్లాలో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం మొదలైంది. మన పేరు మీద కట్టిన ఈ చదువుల గుళ్ళలో మనోళ్ళు ఉద్యోగులుగా ఉంటారా, చుట్టాలుగా ఉంటారా? గెస్ట్ అంటే చుట్టమే కదా. మన కొండ కింద మనం చుట్టాలమా?

చివరగా, ఇప్పుడు గెస్ట్‌గా, కాంట్రాక్టుగా ఉన్నవాళ్ళకి ఒక మాట. ప్రతి ఏడాది ఆర్డర్ కాపీ, జీతం బ్యాంకులో పడిన వివరం, టైంటేబుల్, ప్రిన్సిపాల్ సంతకంతో సర్వీసు సర్టిఫికెట్ దాచుకోండి. యూనివర్సిటీ పోస్టుల షార్ట్‌లిస్టులో బోధన అనుభవానికి ఏడాదికి 2 చొప్పున 10 మార్కుల దాకా ఉన్నాయి. ఏ సర్వీసు చెల్లుతుందో దరఖాస్తుకి ముందే రాతపూర్వకంగా అడగండి. కాదంటే ఏ రూల్ ప్రకారమో రాసివ్వమనండి. పోడు పట్టా కోసం మన పెద్దోళ్ళు సాగు చేసిన ఏళ్ళకి రుజువులు ఎలా పోగేశారో గుర్తుందిగా. ఇదీ అలాంటి సాగే. ఈ ఏళ్ళకీ పట్టా కావాలి.

జై ఆదివాసీ.