కార్యాలయ ఈమెయిల్ వ్యవస్థ నిర్వహణపై పాలకవర్గ తీర్మానం

ఉద్యోగుల పొదుపు, పరపతి సహకార సంఘం పాలకవర్గ సాధారణ సమావేశం అధ్యక్షుల వారి అధ్యక్షతన ప్రధాన కార్యాలయంలో జరిగింది. కోరం ఉన్నట్లు కార్యదర్శి ధ్రువీకరించారు. ఎజెండాలోని ఈమెయిల్ అంశంపై కార్యదర్శి నివేదికను, కంప్యూటర్ విభాగం సమర్పించిన నోట్‌ను చదివి, కూలంకషంగా చర్చించిన మీదట ఈ కింది తీర్మానాన్ని ఆమోదించడమైనది.

విషయం: ప్రధాన కార్యాలయ లోకల్ నెట్‌వర్క్‌లో నడుస్తున్న ఈమెయిల్ సర్వర్ నిర్వహణ, నిర్వాహకుల అధికారాలు, బాధ్యతలు, సభ్యుల ఉత్తరప్రత్యుత్తరాల గోప్యత.

పూర్వరంగం

సంఘం ఉత్తరప్రత్యుత్తరాల్లో అధిక భాగం నేడు ఈమెయిల్ ద్వారానే సాగుతున్నది. సభ్యుడి రుణ దరఖాస్తు, జీతం నుంచి వాయిదా మినహాయించమని ఆయన పనిచేసే కార్యాలయానికి పంపే జాబితా, జామీనుదారుకు ఇచ్చే నోటీసు, ఆడిటర్‌కు రాసే సంజాయిషీ, సహకార శాఖ నుంచి అందే ఉత్తర్వు అన్నీ ఈ సర్వర్ మీదుగానే వెళ్తున్నాయి. ఒక కుటుంబం ఎంత అప్పులో ఉన్నదో, ఎవరి కోసం ఎవరు జామీను నిలిచారో, ఎవరి వాయిదా ఎందుకు తప్పిందో ఆ ఉత్తరాల్లో ఉంటుంది. సభ్యులు మనల్ని నమ్మి చెప్పుకున్న సంగతులవి. వాటిని కాపాడటం డిపాజిట్లను కాపాడటంతో సమానమైన బాధ్యత అని పాలకవర్గం భావిస్తున్నది.

సర్వర్‌ను సొంత కార్యాలయంలో ఉంచుకోవడంలో మేలు ఉన్నది. ఒక విభాగం నుంచి మరో విభాగానికి వెళ్లే ఉత్తరం గోడ దాటి బయటకు పోదు. ఇంటర్నెట్ లైను తెగినా లోపలి ఉత్తరాలు ఆగవు. బయటికి వెళ్లాల్సినవి క్యూలో నిలిచి, లైను రాగానే కదులుతాయి. వెంటనే చేరని ఉత్తరాన్ని కనీసం నాలుగైదు రోజుల పాటు మళ్లీ మళ్లీ పంపి చూడాలని ఈమెయిల్ చేరవేత పద్ధతి అయిన ఎస్‌ఎంటీపీ ప్రమాణమే చెబుతున్నది. ఈ కారణాల వల్ల సొంత సర్వర్‌ను కొనసాగించాలన్నదే పాలకవర్గ అభిప్రాయం.

అయితే సొంత సర్వర్ అంటే బరువు కూడా సొంతమే. ఎస్‌ఎంటీపీ పద్ధతిని జోనథన్ పోస్టెల్ 1982లో గ్రంథస్థం చేసినప్పుడు, ఉత్తరం మీద ఉన్న పేరు నిజంగా పంపినవారిదేనా అని తేల్చే ఏర్పాటు అందులో లేదు. ఒకరి పేరుతో మరొకరు ఉత్తరం పంపగలగడానికి మూలం అదే. 1988 నవంబరులో మోరిస్ వార్మ్ అనే హానికర ప్రోగ్రామ్ వ్యాపించిన దారుల్లో సెండ్‌మెయిల్ అనే మెయిల్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి ఉంచిన డీబగ్ సదుపాయం ఒకటి. 2000 మే నెలలో ‘ఐ లవ్ యూ’ వైరస్ ప్రేమలేఖ రూపంలో వచ్చిన అటాచ్‌మెంట్ ద్వారా ప్రపంచమంతా పాకింది. మొదటి దానికి సర్వర్ అమరికలోని అలసత్వం, రెండో దానికి ఉత్తరం తెరిచేవారి ఏమరుపాటు దారి ఇచ్చాయి. మనం ఈ రెంటినీ సరిచేసుకోవాలి.

వీటికి తోడు, సర్వర్ నిర్వాహకుడు తలచుకుంటే ఎవరి మెయిల్‌బాక్సునైనా తెరవగలడు. ఈ అధికారం సాంకేతికంగా తప్పనిసరిది, తీసివేయడానికి వీల్లేనిది. కనుక దాని చుట్టూ రాతపూర్వక నియమం ఉండాలి. నియమం లేని చోట సభ్యుడికి రక్షణ లేదు, నిజాయితీగా పనిచేసే నిర్వాహకుడికి కూడా రక్షణ లేదు. ఏ చిన్న సమాచారం బయటపడినా వేలు మొదట ఆయన వైపే చూపుతారు. పై విషయాలన్నీ పరిగణించి పాలకవర్గం ఈ విధంగా తీర్మానించింది.

తీర్మానం

1. యాజమాన్యం. సంఘం పేరు మీద ఉన్న ప్రతి మెయిల్‌బాక్సు, అందులోని ప్రతి అధికారిక ఉత్తరం సంఘం ఆస్తి, సంఘం రికార్డు. కార్యదర్శి, రుణాలు, డిపాజిట్లు, ఫిర్యాదులు అనే పదవుల, విభాగాల పేర్లతోనే చిరునామాలు ఉండాలి. సంఘం పనికి సొంత ఈమెయిల్ వాడరాదు. ఉద్యోగి బదిలీ అయినా, పదవీ విరమణ చేసినా, రాజీనామా ఇచ్చినా చార్జి అప్పగించే రోజునే పాస్‌వర్డు మార్చి, మెయిల్‌బాక్సును చార్జి జాబితాలో చేర్చి అప్పగించాలి. సర్వర్ గురించి బయటివారు ఫిర్యాదు చేసుకోవడానికి పోస్ట్‌మాస్టర్, అబ్యూజ్ అనే చిరునామాలను ఉంచి, వాటికి వచ్చిన ఉత్తరాలను రోజూ చదవాలి.

2. ఇద్దరు నిర్వాహకులు. నగదు పెట్టెకు జంట తాళాలు వేసి, ఒకటి కార్యదర్శి దగ్గర, రెండోది కోశాధికారి దగ్గర ఉంచడం మన సంఘాల్లో పాత సంప్రదాయం. ఈమెయిల్ సర్వర్‌కూ ఇదే సంప్రదాయం వర్తిస్తుంది. కంప్యూటర్ విభాగం నుంచి ఒక ప్రధాన నిర్వాహకుడిని, ఒక సహ నిర్వాహకుడిని కార్యదర్శి ఉత్తర్వు ద్వారా నియమించాలి. ఇద్దరికీ వేర్వేరు లాగిన్‌లు ఉండాలి. ఒకే లాగిన్‌ను ఇద్దరూ వాడరాదు. ఎవరు ఏ మార్పు చేశారో, ఎందుకు చేశారో తేదీతో సహా నిర్వహణ రిజిస్టరులో రాసి సంతకం చేయాలి. సర్వర్ సర్వాధికార పాస్‌వర్డును సీలు వేసిన కవరులో జంట తాళాల పెట్టెలో భద్రపరచాలి. కవరు తెరవాల్సి వస్తే అధ్యక్షుల, కార్యదర్శి సమక్షంలో తెరిచి, పని ముగిశాక పాస్‌వర్డు మార్చి, కొత్త కవరు పెట్టాలి. ఒకరు సెలవులో ఉన్నా రెండో వ్యక్తి సర్వర్‌ను నడపగలిగేలా అమరికలన్నీ తెలుగులో రాసిన మార్గదర్శి సిద్ధం చేయాలి.

3. గోప్యత. నిర్వాహకులు గానీ, కార్యదర్శి గానీ, అధ్యక్షులు గానీ, పాలకవర్గ సభ్యులు గానీ మరొకరి మెయిల్‌బాక్సును తమంతట తాము తెరవరాదు. విచారణ కోసం తెరవాల్సిన అవసరం వస్తే కారణం, కావలసిన కాలపరిమితి, వెతకాల్సిన అంశం రాతపూర్వకంగా ఉండాలి. అధ్యక్షులు, కార్యదర్శి ఉమ్మడిగా సంతకం చేయాలి. ఆరోపణ వారిద్దరిలో ఒకరి మీద అయితే ఆ సంతకం బదులు పాలకవర్గం ఎన్నుకున్న మరో సభ్యుడి సంతకం కావాలి. తెరిచేటప్పుడు సంబంధిత ఉద్యోగిని హాజరు కమ్మని పిలవాలి. రాలేని పక్షంలో ఆయన సూచించిన సహోద్యోగిని పిలవాలి. అనుమతించిన అంశానికి మించి ఏ ఉత్తరాన్నీ చదవరాదు. కోర్టు లేదా చట్టబద్ధమైన అధికారి ఉత్తర్వు ఇచ్చినప్పుడు ఆ ఉత్తర్వు ప్రకారం నడుచుకోవాలి. ఈ నియమాన్ని ఉల్లంఘించడం సర్వీసు నిబంధనల కింద క్రమశిక్షణా చర్యకు తగిన తప్పిదం.

4. నెట్‌వర్క్ అమరిక. సర్వర్‌కు లోకల్ నెట్‌వర్క్‌లో మారని ప్రైవేటు చిరునామా ఉండాలి. బయటి ప్రపంచం నుంచి ఉత్తరాలు అందుకోవడానికి ఫైర్‌వాల్‌లో 25వ పోర్టు మాత్రమే తెరవాలి. ఉద్యోగులు ఉత్తరాలు పంపడానికి 587, చదవడానికి 993 పోర్టులను కార్యాలయం లోపల నుంచి, లేదా బయట ఉన్నప్పుడు వీపీఎన్ ద్వారా మాత్రమే వాడాలి. పాస్‌వర్డును ఎన్‌క్రిప్షన్ లేకుండా మోసుకెళ్లే అవకాశమున్న 110, 143 పోర్టులను మూసివేయాలి. సర్వర్ నిర్వహణ లాగిన్ బయటి ఇంటర్నెట్‌కు కనిపించరాదు.

కార్యాలయం లోపలి కంప్యూటరే కదా అని పాస్‌వర్డు అడగకుండా ఉత్తరాలు తీసుకునే అమరికను ఈ తీర్మానం రద్దు చేస్తున్నది. లోపలి ఒక్క కంప్యూటర్‌కు వైరస్ సోకితే, అది మన సర్వర్ ద్వారానే వేలకొద్దీ స్పామ్ ఉత్తరాలు గుమ్మరించగలదు. ఆ తర్వాత మన చిరునామా బ్లాక్‌లిస్టుల్లోకి ఎక్కి, అసలైన నోటీసులు కూడా సభ్యులకు చేరవు. కనుక ప్రతి ఉద్యోగీ లాగిన్ అయిన తర్వాతే ఉత్తరం పంపగలగాలి. స్కానర్, ప్రింటర్ వంటి యంత్రాలకు పరిమిత హక్కులతో వేరే ఖాతా ఇవ్వాలి. ఒక ఖాతా గంటకు పంపగల ఉత్తరాలకు పరిమితి పెట్టాలి. మనతో సంబంధం లేని బయటివారి ఉత్తరాన్ని మరో బయటివారికి చేరవేసే ఓపెన్ రిలేగా సర్వర్ పనిచేయడం లేదని మార్పు చేసిన ప్రతిసారీ పరీక్షించి రిజిస్టరులో రాయాలి.

5. పంపినవారి ధ్రువీకరణ. సంఘం డొమైన్‌కు ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ రికార్డులు, పబ్లిక్ చిరునామాకు రివర్స్ డీఎన్‌ఎస్ ఏర్పాటు చేయాలి. మొదటిది మన పేరుతో ఉత్తరం పంపే అర్హత ఏ సర్వర్లకు ఉన్నదో ప్రకటిస్తుంది; రెండోది ఉత్తరానికి డిజిటల్ సంతకం వేస్తుంది; మూడోది ఈ పరీక్షల్లో తప్పిన ఉత్తరాన్ని ఏం చేయాలో అందుకునేవారికి చెబుతుంది. డీమార్క్‌ను ముందు కేవలం నివేదికలు తెప్పించే స్థాయిలో పెట్టి, మన ఉత్తరాలన్నీ సరిగా వెళ్తున్నాయని నిర్ధారించుకున్నాక దశలవారీగా తిరస్కరించే స్థాయికి తేవాలి. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ ఈ ధ్రువీకరణలను గట్టిగా అడుగుతున్నాయి. సభ్యులకు పంపిన సర్వసభ్య సమావేశ నోటీసు స్పామ్ ఫోల్డర్‌లో పడితే, సభ్యుడి హక్కుకే భంగం కలుగుతుందని పాలకవర్గం గుర్తిస్తున్నది.

6. పరిమాణ పరిమితులు. అటాచ్‌మెంట్ ఈమెయిల్‌లో ప్రయాణించేటప్పుడు సుమారు మూడో వంతు పెరుగుతుంది, 7.5 ఎంబీ ఫైలు దాదాపు 10 ఎంబీ అవుతుంది. ఉత్తరం మొత్తం పరిమాణాన్ని 10 ఎంబీకి పరిమితం చేస్తున్నాము. ఈ పరిమితిలో ఇమడని ఫైళ్లను కార్యాలయంలోని ఉమ్మడి ఫోల్డర్‌లో పెట్టి, దారి మాత్రం ఉత్తరంలో తెలపాలి. మెయిల్‌బాక్సు కోటాలో 80 శాతం నిండగానే ఉద్యోగికి హెచ్చరిక వెళ్లాలి. సభ్యుడి ఉత్తరాన్ని తీసుకోలేకపోతే కారణంతో సహా తిప్పి పంపాలి తప్ప, చప్పుడు లేకుండా పారవేయరాదు.

7. తెలుగు. సభ్యులకు వెళ్లే నోటీసులు తెలుగులో, యూనికోడ్‌లో మాత్రమే ఉండాలి. యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన పాఠం, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అర్థంలేని గుర్తులుగా కనిపిస్తుంది. అప్పు వాయిదా నోటీసు చదవలేని స్థితిలో అందితే అందనట్లే. పాత నమూనాలన్నింటినీ యూనికోడ్‌లోకి మార్చే పనిని కార్యాలయ సిబ్బంది చేపట్టాలి.

8. బ్యాకప్. మెయిల్‌బాక్సులకు, సర్వర్ అమరికలకు రోజూ బ్యాకప్ తీయాలి. మొత్తం మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాల్లో ఉండాలి. ఒకటి వేరే భవనంలో ఉండాలి. కనీసం ఒక ప్రతికి నెట్‌వర్క్‌తో సంబంధం ఉండరాదు, ఎందుకంటే ర్యాన్సమ్‌వేర్ తనకు అందిన బ్యాకప్‌కు కూడా తాళం వేస్తుంది. మూడు నెలలకొకసారి బ్యాకప్ నుంచి ఒక మెయిల్‌బాక్సును తిరిగి నిలబెట్టి చూసి, ఫలితాన్ని పాలకవర్గానికి తెలపాలి. సర్వర్‌కు, స్విచ్‌కు, రౌటర్‌కు యూపీఎస్ ఉండాలి.

9. లాగ్‌లు, సాక్ష్యం. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ జారీ చేసిన ఆదేశాలను అనుసరించి లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి. సర్వర్ గడియారాన్ని జాతీయ కాలమాన సర్వర్లతో సరిపోల్చి ఉంచాలి. ఆ ఆదేశాల్లో పేర్కొన్న రకం సైబర్ ఘటన జరిగితే గమనించిన 6 గంటల్లోగా సెర్ట్-ఇన్‌కు తెలపాలి. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో చూపాలంటే ధ్రువపత్రం కావాలి. వివాదంలో ఉన్న ఉత్తరాన్ని ప్రింటు తీసి, అసలును చెరిపివేయడాన్ని ఈ కారణంగా నిషేధిస్తున్నాము. వివాదం ముగిసేదాకా అసలు ఉత్తరాన్ని పూర్తి హెడర్లతో సహా భద్రపరచాలి.

10. మోసాల నివారణ. బ్యాంకు ఖాతా నంబరు మార్చమని గానీ, అత్యవసరంగా సొమ్ము బదిలీ చేయమని గానీ ఈమెయిల్ వస్తే, అది అధ్యక్షుల పేరుతో వచ్చినా సరే, రికార్డులో ముందే ఉన్న ఫోన్ నంబరుకు మాట్లాడి నిర్ధారించుకోకుండా చర్య తీసుకోరాదు. ఆ ఉత్తరంలోనే ఇచ్చిన నంబరును నమ్మరాదు. ఈ విధంగా నిర్ధారించుకున్నందుకు ఆలస్యమైతే ఏ ఉద్యోగినీ మందలించరాదు. సొమ్ము పోయినట్లు తెలిసిన క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. మోసపూరితమైన లింకును పొరపాటున నొక్కిన ఉద్యోగి వెంటనే చెబితే, అందుకు శిక్ష ఉండదు. దాచిపెట్టడమే తప్పుగా పరిగణిస్తాము.

11. శిక్షణ, వ్యయం, సమీక్ష. సిబ్బంది అందరికీ ఏటా రెండుసార్లు తెలుగులో శిక్షణ ఇవ్వాలి. బ్యాకప్ డిస్కులు, యూపీఎస్, వీపీఎన్, నిర్వాహకుల శిక్షణకు అయ్యే వ్యయాన్ని కంప్యూటర్ నిర్వహణ పద్దు కింద మంజూరు చేస్తున్నాము. సాఫ్ట్‌వేర్ భద్రతా సవరణలను ఆలస్యం లేకుండా చేర్చాలి. అందుకోసం పని వేళల తర్వాత సర్వర్‌ను ఆపే అధికారం నిర్వాహకులకు ఇస్తున్నాము. నిర్వహణ రిజిస్టరును ప్రతి మూడు నెలలకు పాలకవర్గం ముందు ఉంచాలి. 3వ అంశం కింద మెయిల్‌బాక్సులు తెరిచిన సందర్భాలు ఎన్నో, పేర్లు లేకుండా, వార్షిక నివేదికలో సర్వసభ్య సమావేశానికి తెలపాలి.

12. అమలు. ఈ తీర్మానం తక్షణం అమల్లోకి వస్తుంది. 4, 5, 8 అంశాల్లోని సాంకేతిక మార్పులను మూడు నెలల్లోగా పూర్తి చేసి కార్యదర్శి నివేదించాలి. గోప్యతకు సంబంధించిన 3వ అంశాన్ని సవరించాలంటే సర్వసభ్య సమావేశం ఆమోదం తప్పనిసరి. పాలకవర్గం తనంతట తాను దానిని సడలించజాలదు.

తీర్మాన ప్రతిని నోటీసు బోర్డులో ఉంచాలనీ, ప్రతి ఉద్యోగికి ఒక ప్రతి ఇచ్చి సంతకం తీసుకోవాలనీ, కోరిన సభ్యులకు ఉచితంగా అందజేయాలనీ కార్యదర్శిని ఆదేశించడమైనది.

ప్రతిపాదించినవారు: కార్యదర్శి
బలపరిచినవారు: కోశాధికారి

చర్చ ముగిసిన పిమ్మట అధ్యక్షులు తీర్మానాన్ని ఓటుకు పెట్టగా, హాజరైన సభ్యులందరూ చేతులెత్తి ఏకగ్రీవంగా ఆమోదించారు. తీర్మానాన్ని మినిట్స్ పుస్తకంలో నమోదు చేయడమైనది.