మృదంగానికి మొరటుచేతులే కావాలా?

"ఆడపిల్లకి మృదంగమేమిటండీ, చేతులు కాయలు కాయవూ? హాయిగా పాటో, వీణో నేర్పించండి!"

ఇబ్రహీంపట్నంలోనైనా, పక్కనున్న హైదరాబాదులోనైనా సంగీతం మాటెత్తితే వినిపించే సలహా ఇదే. బిందెలు మోసినప్పుడు, బట్టలు బాదినప్పుడు గుర్తురాని చేతుల సుకుమారం మృదంగం దగ్గరే గుర్తొస్తుందెందుకో!

ఏలూరులో 1950లో పుట్టిన నిడుమోలు సుమతి ఈ సలహాని లెక్కచేయలేదు. తండ్రి రాఘవయ్యగారే ఆమెకి తొలి గురువు. తర్వాత దండమూడి రామమోహనరావుగారి దగ్గర నేర్చుకుని, ఆయన్నే పెళ్లాడారు. ఇద్దరూ కలిసి మృదంగ కచేరీలు చేశారు. 2021లో ఆమెకి పద్మశ్రీ వచ్చింది.

ఇది మన దేశపు తంటా మాత్రమే కాదు. డబుల్ బాస్ అని మనిషికన్నా పొడవైన తంత్రీవాద్యం ఉంది. జాజ్ బృందాల్లో అదీ మగవాళ్ల సొత్తే అనుకునేవారు. ఫ్రాన్సులో 1951లో పుట్టిన జోయెల్ లేయాండ్ర్ దాన్నే చేతబట్టి, కాగితం మీద రాసుకోని సంగీతాన్ని అప్పటికప్పుడు అల్లుతూ దేశదేశాలు తిరిగారు.

అయితే ఒకటి. సుమతిగారికి ఇంట్లోనే గురువున్నారు. మన పిల్లల్లో ఎందరికుంది ఆ అదృష్టం? వాళ్లకి తలుపు తెరవాల్సింది అమ్మలమే. పక్కవాద్యానికి ఆడవాళ్లొద్దని మొరాయించిన గాయకులు ఒకప్పుడు ఉండేవారు. ఆ "వద్దు" మన నోటి నుంచే రావడం న్యాయమా? సంగీతం క్లాసులో చేర్చేముందు "నీకేది ఇష్టం తల్లీ?" అని ఒక్కమాట అడుగుదాం. మృదంగమంటే, సరేనందాం.